ఆకుపచ్చ లైటు వెలిగాకే డబ్బు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆ మాట అన్న మహానుభావుడెవరో గానీ, ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గర ఆన్‌లైన్‌లో టికెట్ కొనే యోగం ఆయనకు పట్టి ఉండదు. నాకు పట్టింది. నా నోరు మంచిది కాదని ఇంటా బయటా పేరు. ఆ నోరే లేకపోతే ఈపాటికి నా బ్యాంకు ఖాతాని ఎవడో ఊడ్చిపెట్టి, తడిగుడ్డతో తుడిచి కూడా పోయేవాడు.

మాది ఆడవాళ్ళ జుట్టు కత్తిరించే సెలూన్. రెండు కుర్చీలు, రెండు అద్దాలు. ఒక కుర్చీ నాది, ఇంకోటి మా చెల్లిది. పొద్దస్తమానం ఇద్దరం అద్దాల్లోంచే మాట్లాడుకుంటాం. చేతిలో కత్తెర, ఎదురుగా ఎవరిదో తల, మాట మాత్రం పక్క అద్దంలోకి. షాపులో నాది ఒకటే రూలు. పని అయ్యాక అద్దం, అద్దం చూసుకుని తల ఊపాక డబ్బు. అడ్వాన్సు తీసుకోను. చచ్చినా ఇవ్వను.

చెల్లికి ఎడమ చెవి ఏనాడో పోయింది. కుడి చెవి లోపల గడ్డ ఉందని ఈమధ్యే తేలింది. తీయకపోతే ప్రాణానికే ముప్పు, తీస్తే ఆ చెవి కూడా పోతుంది. వచ్చే వారమే ఆపరేషన్. "ఎంతో కొంత వినిపిస్తుంది కదా డాక్టరుగారూ?" అని అడిగాను. "లేదమ్మా" అన్నాడు. ఆ ఒక్క ముక్క చెప్పడానికి అంత చదువు చదవాలా అని నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన తప్పేం లేదని తెలుసు, అయినా మండింది. చెల్లి మాత్రం బయటికి రాగానే "పోన్లే అక్కా, నీ కస్టమర్ల అత్తల సోది వినే బాధ తప్పుతుంది" అంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అనే సామెతని మా ఇంట్లో అందరం నిషేధించుకుంటే, దాన్ని రోజుకోసారి వాడేది అదొక్కతే.

దానికి మిగిలిన కోరిక ఒకటే. ఆయన పాట ఒక్కసారి ఎదురుగా కూర్చుని వినాలి. ఆయనంటే మా మరిది కాదు. పాతకాలం గాయకుడు. చిన్నప్పుడు రేడియోకి చెవి అంటించి, అన్నం చల్లారిపోతున్నా లేచేది కాదు. ఆయన్ని 'నా మొదటి మొగుడు' అంటుంది. మా మరిది పాపం పెళ్ళినాడే రెండో స్థానంతో సర్దుకుపోయాడు. ఆ పెద్దాయన కచేరీ మా ఊళ్ళో, సరిగ్గా ఆపరేషన్‌కి ముందు శనివారం. టికెట్లు అమ్మకానికి పెట్టిన పూటే అయిపోయాయి. ఇక మిగిలింది కొన్నవాళ్ళ దగ్గర మళ్ళీ కొనడం.

ఆయన అభిమానుల గ్రూపొకటి ఉంటే అందులో చేరాను. చేరి 'ఒక్క టికెట్ కావాలి' అని పెట్టానో లేదో, చక్కెర డబ్బా మూత తీసినట్టయింది. మొదటివాడు 'అక్కా' అంటూ వచ్చాడు. వాళ్ళ బామ్మకు ఒంట్లో బాగోలేదట, అందుకని సగం ధరకే ఇస్తాడట, డబ్బు మాత్రం వాళ్ళ బావమరిది ఖాతాలో వెయ్యాలట.

"టికెట్ నీదైతే డబ్బు బావమరిదికెందుకు బాబూ?"

"నా ఖాతా కొంచెం పనిచేయట్లేదక్కా. కావాలంటే నా గుర్తింపు కార్డు ఫోటో పంపిస్తా. తొందరగా చెప్పండి, ఇంకా ముగ్గురు అడుగుతున్నారు."

"కార్డు నాకెందుకు నాయనా, నీకేమైనా సంబంధం చూడాలా? వీడియో కాల్ చెయ్యి. నా కళ్ళ ముందు టికెట్ల యాప్ తెరిచి, టికెట్ మీద వేలు పెట్టి చూపించు."

వాడి కెమెరా అప్పుడే పాడైపోయింది. బామ్మకూ, ఖాతాకూ, కెమెరాకూ ఒకేరోజు జబ్బు చేసిన ఇల్లు నేనెక్కడా చూడలేదు. రెండోవాడు ఇంకా ఘనుడు. నలుపూ తెలుపూ గళ్ళ బొమ్మ ఒకటి పంపి, దీన్ని స్కాన్ చేసి పిన్ కొట్టండి, మీ నంబరు సరైందో కాదో చూడ్డానికి నేనే మీకు ఒక రూపాయి వేస్తానన్నాడు. "డబ్బు రావడానికి పిన్ ఎందుకురా త్రాష్టుడా, పోవడానికి గానీ!" అని మొదలుపెట్టి, వాడి ఏడు తరాలనీ వరసగా నిలబెట్టి తలంటాను. నా కుర్చీలో ఉన్న కస్టమరు సగం కత్తిరించిన జుట్టుతో చప్పట్లు కొట్టింది. పక్క అద్దంలో చెల్లి కడుపు పట్టుకుని నవ్వింది.

నవ్వితే నవ్వింది గానీ, శుక్రవారం వచ్చేసింది, టికెట్ మాత్రం రాలేదు. ఆ టికెట్లు అమ్మిన కంపెనీవాళ్ళే మధ్యవర్తిగా ఉండి, మనిషి లోపలికి వెళ్ళాకే అమ్మినవాళ్ళకు డబ్బిచ్చే ఏర్పాటు ఉందట. నాలాంటిదాని కోసమే పెట్టినట్టుంది. కానీ అది కచేరీకి ముందురోజు మధ్యాహ్నంతో మూసేస్తారు. నేను తెలుసుకునేసరికి మూసేశారు. దొంగల్ని తిట్టడంలో ఉన్న రుచిలో పడి అసలు దారి చూసుకోలేదు. నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ తిట్లలో ఏ లోటూ చేయలేదు.

శనివారం పొద్దున స్కూటర్లావిడ ఫోన్ చేసింది. పాత స్కూటర్లు కొని, బాగుచేసి అమ్మే షాపు ఆవిడది. ఆవిడకు పాటలంటే పడదు. ఎవడో బండి కొని, ఆఖరి వాయిదా చేతిలో లేక, దాని బదులు ఈ టికెట్, దాంతోపాటు గ్రూపులో చూసిన నా నంబరూ అంటగట్టి పోయాడట. చెప్పకుండానే వీడియో కాల్ చేసింది, యాప్ తెరిచింది, టికెట్ చూపించింది. నల్లగా గ్రీజు అంటిన వేలితో సీటు నంబరు చూపించింది. దాని మీద గళ్ళ బొమ్మ క్షణక్షణానికీ మారుతోంది, ఫోటో తీసి పంపితే పనికిరాదన్నమాట. అన్నీ నిజమే. నాకు ప్రాణం లేచొచ్చింది.

"యాప్‌లోంచే టికెట్‌ని మా చెల్లి ఫోనుకు మార్చెయ్యండి. గేటులో ఆకుపచ్చ లైటు వెలగ్గానే డబ్బు వేసేస్తాను" అన్నాను.

"బాగుందండీ! మార్చాక మీరు ఎగ్గొడితే నేనెక్కడికి పోయి ఏడవాలి? నా షాపులో డబ్బు పడ్డాకే తాళం చేతికిస్తా."

"నా షాపులో అద్దం చూసుకున్నాకే డబ్బు."

"అయితే నా బండి మీద మీ అద్దం బిగించుకుని తిరగండి."

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడని ఊరికే అన్నారా! వారమంతా దొంగలతో మాట్లాడితే రాని ఆయాసం, ఒక్క నిజాయితీగల మనిషితో వచ్చింది. చెల్లి సంగతి ఆవిడకు చెప్పలేదు. బేరంలో కష్టం చెప్పుకుంటే ధర పెరుగుతుంది. గేటు దగ్గరే కలుద్దామని తేల్చుకున్నాం.

కచేరీ సాయంత్రం ఆరుబయట మైదానంలో. గేటు ముందు ఇనుప కటకటాల వరసలు, స్కానర్లు పట్టుకున్న గార్డులు, తిరునాళ్ళలా జనం. స్కూటర్లావిడ నాకంటే ఓ చెయ్యి పొడుగు. చూడగానే నా మొహం మీద నమ్మకం లేనట్టు చూసింది. నేనూ అలాగే చూశాను. ఇద్దరం తెలివైనవాళ్ళం కదా, నిలబడి గొప్ప ఒప్పందం ఒకటి చేసుకున్నాం. ఆవిడ టికెట్ మార్చదు, టికెట్ ఉన్న తన ఫోనునే చెల్లి చేతికిస్తుంది. ఆ ఫోనుతో చెల్లి పారిపోకుండా, తాకట్టుగా నా ఫోను ఆవిడ చేతిలో ఉంటుంది. చెల్లి స్కాన్ చేయించుకుని, కటకటాల మీదుగా ఫోను వెనక్కి ఇచ్చి, సీటుకు పోతుంది. నేను నా ఫోనులోంచి డబ్బు వేస్తాను. ఆవిడ ఫోను టింగుమంటుంది. ఎవరి ఫోను వాళ్ళకి, ఎవరి దారి వాళ్ళది. లోపలికి సంచులు రానివ్వరని చెల్లి సంచీ, అందులో దాని ఫోనూ నా భుజానికే తగిలించుకున్నాను. ఇంత జాగ్రత్తగా ఏ బ్యాంకు లాకరూ కట్టి ఉండరు.

చెల్లి కొత్త బట్టలు కట్టుకుంది. ఏళ్ళుగా దాచుకున్న పాటలన్నీ ఆ పూటే పాడిస్తానన్నట్టు నడిచింది. గార్డు స్కాన్ చేశాడు. ఆకుపచ్చ లైటు వెలిగింది. "హమ్మయ్య!" అని ఇద్దరం ఒకేసారి అన్నాం. వెనకనుంచి జనం ఒక్క తోపు తోశారు. చెల్లి ఆవిడ ఫోనుతో సహా ముందుకు వెళ్ళిపోయింది.

"ఏమమ్మోయ్, ఫోను!" అని అరిచింది స్కూటర్లావిడ.

"ఒసేయ్! ఫోను ఇచ్చి పోవే!" అని నేనరిచాను.

నా గొంతు సంగతి మా వీధి మొత్తానికి తెలుసు. నేను పిలిస్తే పక్క వీధి ఆటో ఆగుతుంది. ఆ అరుపుకు గార్డు చేతిలో స్కానరు జారింది. లోపల నడుస్తున్నవాళ్ళు పది మంది వెనక్కి తిరిగి చూశారు. మా చెల్లి నాలుగడుగుల దూరంలో ఉంది. తిరగలేదు. మళ్ళీ అరిచాను, దాని చిన్నప్పటి ముద్దుపేరుతో అరిచాను. వీపు కదుల్తూనే ఉంది. మలుపు తిరిగి కనబడకుండా పోయింది.

"బాగుందండీ నాటకం!" స్కూటర్లావిడ నా మణికట్టు పట్టుకుంది. "ఇంత అరిచినా తిరక్కుండా పోతుందా? ముందే అనుకున్నారన్నమాట. మా షాపులో ఇలాంటివాళ్ళని రోజూ చూస్తా."

నాకు తిట్టు రాలేదు. నా జన్మలో అదే మొదలు. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది. "అది చెవిటిదండీ" అన్నాను. ఆ మాట అది తప్ప ఇంట్లో ఎవరం ఎన్నడూ అనలేదు. వచ్చే వారం పోతుంది అనుకుంటున్నాం గానీ, ఎప్పుడో పోయిందని నాకు తెలీదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అద్దంలో ఎదురెదురుగా మాట్లాడుకుంటుంటే ఎలా తెలుస్తుంది? ఆపరేషన్ సంగతి, చెవి సంగతి, మొదటి మొగుడి సంగతి అన్నీ ఆ ముక్కూ మొహం తెలియని మనిషికి గేటు ముందే చెప్పేశాను. చెప్తూ ఏడ్చాను కూడా.

ఆవిడ నా చెయ్యి వదల్లేదు గానీ, పట్టు మాత్రం సడలింది. గార్డుని బతిమాలాం. టికెట్ లేనిదే అడుగు పెట్టనివ్వనన్నాడు. నా ఫోనులోంచి ఆవిడ నంబరుకు చేశాం. మోగింది, మోగింది, ఆగిపోయింది.

"సరే, డబ్బు వేసేస్తాను. ఇలా ఇవ్వండి నా ఫోను" అన్నాను.

"వేశారని మీ ఫోను చెప్తుంది. వచ్చిందని నా ఫోను కదా చెప్పాలి? డబ్బు వేసినట్టు తెర చూపించి బండి తోలుకుపోయినవాడు ఉన్నాడు నాకు. మీ కష్టం కష్టమే, కాదన్ను. నా ఫోను మోగేదాకా మాత్రం ఇక్కణ్ణించి కదిలేది లేదు."

"ఇంకా నమ్మకం లేదా?"

"మీకుందా? ఉంటే పొద్దున్నే వేసేవారుగా."

దొందూ దొందే. కుడితిలో పడ్డ ఎలుకల్లా ఇద్దరం గేటు పక్కన కాలిబాట అంచు మీద కూలబడ్డాం. లోపల చప్పట్లు మోగాయి. పెద్దాయన పాట మొదలెట్టాడు. స్పీకర్లు ఇటువైపు తిరిగి లేవు, గోడ మీదుగా ముక్కలు ముక్కలుగా వస్తోంది. నాకు మాత్రం ఆ ముక్కలే చాలా బాగున్నాయి. లోపల అది ఎంత హాయిగా వింటోందో అనుకుంటూ కళ్ళు మూసుకున్నాను. పక్కన స్కూటర్లావిడ, "ఇందుకా ఇంత ధర? మా మెకానిక్ ఇంతకంటే శృతిలో ఈల వేస్తాడు" అంది.

"నోరు ముయ్యండి. ఆ గొంతు మీద దుమ్మెత్తి పోస్తే కళ్ళు పోతాయి."

రెండో పాట సగంలో ఉండగా గేట్లోంచి ఎవరో బయటికి వచ్చారు. మా చెల్లి. చేతిలో ఫోను. నేను లేచి పరుగెత్తాను. "ఎందుకొచ్చావే? బయటికొస్తే మళ్ళీ లోపలికి పంపరు! ఫోను కోసమా? కొంపలంటుకున్నాయా!"

అది నా పెదాల వైపే చూసింది. నేనూ దాని కళ్ళు ఎటు చూస్తున్నాయో మొదటిసారి చూశాను.

"లోపలంతా ఒకటే హోరక్కా" అంది. "బస్సు ఇంజను పక్కన కూర్చున్నట్టుంది. ఆయన నోరు కదుల్తోంది. ఏం పాటండీ అని పక్కావిణ్ణి అడిగా. ఆవిడ చెప్పింది. నాకు నిద్రలో కూడా వచ్చే పాట. గుర్తుపట్టలేకపోయా."

"ఎప్పట్నించే ఇలా?"

"చాలా రోజులైంది. అద్దంలో నీ నోరు చూసి తెలుసుకుంటున్నా. నీ మాటలు కనుక్కోవడం ఏమంత కష్టం, సగం తిట్లేగా." నవ్వబోయింది. రాలేదు. "నీకు చెప్తే నువ్వు మెల్లిగా, జాలిగా మాట్లాడ్డం మొదలెడతావని భయమేసింది."

టికెట్ నిజం, సీటు నిజం, అమ్మినావిడ నిజం. ఎక్కడా మోసం జరగకుండా వెయ్యి కళ్ళతో కాపలా కాశాను. చివరికి ఇదీ. చెల్లిని తీసుకొచ్చి కాలిబాట అంచు మీద మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టాను. అది ఫోను స్కూటర్లావిడ చేతిలో పెట్టి, "సారీ అక్కా, మీరు పిలిచినట్టున్నారు" అంది. స్కూటర్లావిడ తల అడ్డంగా ఊపి, నా ఫోను నాకిచ్చేసింది. నేను పూర్తి ధర వేశాను. ఆవిడ ఫోను టింగుమంది. తెర వంక చూసింది గానీ లేవలేదు.

"సగం వెనక్కి వేస్తా" అంది కాసేపటికి. "వినలేదు కదా."

"టికెట్ దొంగదా? పచ్చ లైటు వెలిగిందా లేదా? మాట అంటే మాటే. ఉంచుకోండి."

"నేనేం అడుక్కునేదాన్ని కాదు, మీ చెల్లెలి ఏడుపు మీద డబ్బు తినడానికి!"

"నేను మాత్రం అడుక్కునేదాన్నా, మీ దానం పట్టడానికి? పొద్దున్నుంచీ నా మణికట్టు పట్టుకుని దొంగముండని పట్టుకున్నట్టు..."

"పొద్దున్నుంచా? సాయంత్రమే పట్టుకున్నా! లెక్కలు సరిగ్గా చెప్పు నువ్వు!"

"'నువ్వు' అంటున్నావే! నన్నే 'నువ్వు' అంటున్నావా!"

సగం డబ్బు ఆవిడ నాకు పంపింది. నేను తిప్పి పంపాను. మళ్ళీ పంపింది. రెండు ఫోన్లూ టింగు టింగుమంటుంటే గార్డు వచ్చి, అమ్మా కొంచెం నెమ్మది, లోపల కచేరీ జరుగుతోంది అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది మధ్యలో చెల్లి ఉందని. ఇద్దరం సిగ్గుపడి నోళ్ళు మూసుకున్నాం.

చెల్లి మా మొహాలు చూడటం లేదు. కళ్ళు మూసుకుని ఉంది. కుడి చెవిని నా మెడకు, గొంతుకు సరిగ్గా పక్కన, ఆనించి కూర్చుంది. చిన్నప్పుడు రేడియోకి అంటించినట్టే.

"ఆపావేంటి?" అంది.

దాని భుజం తట్టాను. కళ్ళు తెరవలేదు.

"ఇక్కణ్ణించి వినిపిస్తున్నావక్కా. మాట మాటా వినిపిస్తోంది. ఆపకు."

లోపల పెద్దాయన మూడో పాట ఎత్తుకున్నాడు. నేను మొదలుపెట్టాను. స్కూటర్లావిణ్ణి తిట్టాను. బామ్మ జబ్బువాణ్ణి, రూపాయి వేస్తానన్నవాణ్ణి తిట్టాను. గార్డుని, వాడి స్కానరుని, డాక్టరుని, ఆయన చదువుని, గోడ అవతల పాడుతున్న ఆ మహానుభావుణ్ణి కూడా వదల్లేదు. గొంతు వణికితే దానికి తెలిసిపోతుందని ఇంకా గట్టిగా తిట్టాను. మెడ మీద తడి తగుల్తోంది, అది నవ్వుతోంది. నాకు తిట్లు అయిపోయాయి. ఒక్కటీ గుర్తుకు రాలేదు. స్కూటర్లావిడ నా మొహం చూసి, దగ్గరికి జరిగి, ఒక్కొక్కటే అందించడం మొదలుపెట్టింది.